పాయింట్లకు బదులు పాఠం

లండన్‌లోని హ్యారోలో డ్రైవింగ్ నేర్పే నన్ను హైదరాబాద్ నుంచి కొత్తగా వచ్చిన పిల్లలు అడుగుతుంటారు: "అంకుల్, పాయింట్లు పడకుండా క్లాసుకు పోవచ్చటగా?" పోవచ్చు: వేగం మీరి దొరికితే లైసెన్సు మీద శిక్షగా పాయింట్లు వేసే బదులు పోలీసులు ఓ శిక్షణ కోర్సుకు పంపవచ్చు. ఈ వెసులుబాటు మరీ పాతదేం కాదు. 1896లో కెంట్‌లో వాల్టర్ ఆర్నాల్డ్ అనే ఆయన గంటకు 2 మైళ్ల హద్దున్నచోట 8 మైళ్ల వేగంతో కారు తోలితే, పోలీసు సైకిలెక్కి తరిమి పట్టుకున్నాడు. జరిమానా పడింది, అంతే. పాఠం చెప్పాలని ఎవరికి తోస్తుంది! పాయింట్ల పద్ధతి 1982లో వచ్చింది. 1988లో రోడ్డు చట్టాలపై పీటర్ నార్త్ ఇచ్చిన నివేదిక శిక్షణ మాటెత్తితే, 1991లో డెవన్ కౌంటీ తరగతులు పెట్టింది. వేగం కేసులకు వేరే కోర్సులు ఆ తర్వాతవి. ఇప్పుడు 30 మైళ్ల రోడ్డులో 42 దాకా పోయి దొరికితే పోలీసులు కోర్సు ఇవ్వవచ్చు. మూడేళ్లలోపు రెండోసారి కుదరదు. ఫీజు మనదే. వద్దంటే 100 పౌండ్లు, 3 పాయింట్లు. నన్నడిగితే అక్కడ వినాల్సింది రోడ్డు నియమాల పుస్తకం హైవే కోడ్ చెప్పే లెక్కే: 30లో బండి ఆగడానికి 23 మీటర్లు, 40లో 36.