మా ఇంటి దీపం, మన బోర్డు

స్తంభమెక్కే ముందు మా నాన్న రెండుసార్లు అడిగేవాడు: "ఎల్.సి. వచ్చిందా?" లైన్ క్లియర్ ఇచ్చామని సబ్‌స్టేషన్ నుంచి మాట వచ్చాకే నిచ్చెన మీద కాలు పెట్టేవాడు. అయినా ఎర్తు రాడ్డు తగిలించనిదే తీగ ముట్టుకునేవాడు కాదు. మౌలాలిలో మా ఇల్లు గడిచింది విద్యుత్ బోర్డు లైన్‌మన్ జీతం మీదే. ఈ ఉత్సవ సంచికకు బోర్డు చరిత్ర రాయమంటే మా ఇంటి సంగతి రాస్తున్నట్టే ఉంది.

హైదరాబాదులో కరెంటు సర్కారు చేతిలోనే పెరిగింది. నిజాం ప్రభుత్వం 1920లో హుస్సేన్‌సాగర్ ఒడ్డున థర్మల్ కేంద్రం కట్టించింది. కోస్తాలో అలా కాదు. అక్కడ లైసెన్సు పొందిన కంపెనీలు కొన్ని పట్టణాలకు వెలుగు తెచ్చాయి. ఆ మేలు ఒప్పుకోవాల్సిందే. కానీ రాబడి లేని ఊరికి తీగ లాగాల్సిన అవసరం కంపెనీకి ఏముంటుంది?

ఆ కంపెనీలను ప్రభుత్వపరం చేయడానికి 1949 నాటి మద్రాసు చట్టం వచ్చింది. రాజమండ్రి ఎలక్ట్రిక్ సప్లై కార్పొరేషన్ కోర్టుకెక్కింది. 1954లో సుప్రీంకోర్టు కంపెనీ పక్షాన తీర్పు చెప్పింది. నడుస్తున్న వ్యాపార సంస్థను బలవంతంగా తీసుకునే అధికారం 1935 నాటి భారత ప్రభుత్వ చట్టం రాష్ట్ర శాసనసభలకు ఇవ్వలేదని, కాబట్టి ఆ శాసనం చెల్లదని తేల్చింది. అప్పటికి రాజ్యాంగం వచ్చేసింది, ఆ అధికారమూ దొరికింది. కొత్తగా పుట్టిన ఆంధ్ర రాష్ట్రం అదే ఏడాది మళ్లీ చట్టం చేసింది. మన విద్యుత్ చరిత్రలో నేను అన్నిటికన్నా గౌరవించే ఘట్టం ఇదే.

1959 ఏప్రిల్ 1న ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర విద్యుత్ బోర్డు ఏర్పడింది. తార్నాక పక్కనే ఉన్న ఉస్మానియా క్యాంపస్‌లో చదివిన ఇంజనీర్లు, మా నాన్నలాంటి లైన్‌మన్లు ఒకే సంస్థ మనుషులయ్యారు. సిరిసిల్లలో 1970లో కరెంటు పంపిణీకి ప్రజలే సహకార సంఘం పెట్టుకున్నారు.

1999లో బోర్డు జెన్‌కో, ట్రాన్స్‌కోలుగా విడిపోయింది. మరుసటేడు పంపిణీ నాలుగు సంస్థల (డిస్కంల) చేతికి వెళ్లింది. ఆ 2000లోనే ఆగస్టు 28న ఛార్జీల పెంపును ఎదిరించినవారిపై బషీర్‌బాగ్‌లో కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి. ఒడిశా 1999లో, ఢిల్లీ 2002లో పంపిణీని ప్రైవేటుకిచ్చాయి. మన దగ్గర అది ప్రభుత్వ సంస్థల చేతిలోనే నిలిచింది.

రాజమండ్రి కంపెనీ కేసు తర్వాత రెండో చట్టం చేస్తే తప్ప కరెంటును ప్రభుత్వపరం చేసే దారి దొరకలేదు. డిస్కంలను ప్రైవేటుకిద్దామన్న మాట ఎప్పుడు వచ్చినా ఆ సంగతి మరువకండి. మీ పిల్లలకూ చెప్పండి.