కండలేరు గట్టున కూలిన టైగర్ వైభవం

1990ల తొలినాళ్లలో నెల్లూరు తీరం వెలిగిపోయింది. పశువులు మేసే చవుడు నేలకు కౌలు కట్టడానికి పట్నాల నుంచి మనుషులు దిగారు. పండుతున్న వరి మడిని తవ్వించి మరీ ఉప్పునీరు పెట్టుకున్నవారున్నారు. అంతా టైగర్ రొయ్య మహిమ. నాలుగైదు నెలలు మేత వేసి, కిలోకు ముప్ఫై తూగే సైజుకు తెస్తే ఓడలెక్కి జపాన్ వెళ్లేది. ఒక్క పంట తగిలితే చాలు, పాత అప్పు తీరి కొత్త ఇంటికి పునాది పడేది.

ఆ వైభవం కిందే పతనం పొంచి ఉంది. కండలేరు పాయ వెంట చెరువు పక్కన చెరువు తవ్వారు. అందరూ నీరు తోడింది ఆ పాయలోంచే, మురుగు వదిలింది ఆ పాయలోకే. ఒకరు వదిలిన నీరే పోటు వేళకు మరొకరి చెరువులోకి ఎక్కేది. పంట బాగున్నన్నాళ్లూ దాన్ని ఎవరూ పట్టించుకోలేదు.

1992 ప్రాంతంలో తైవాన్, చైనా చెరువుల్లో బయటపడిన తెల్లమచ్చల వైరస్, 1994లో మన తీరాన్ని తాకింది. తల్లి రొయ్య నుంచి పిల్లకు, పిల్లతో చెరువుకు, పీతల మీద, నీటి మీద పక్క చెరువుకు పాకింది.

ముందు, మేత తింటున్నాయో లేదో చూసే చెక్ ట్రేలో మేత మిగిలిపోయేది. మర్నాడు రొయ్యలు గట్టు వారకు చేరి మందకొడిగా ఈదేవి. ఒకదాన్ని పట్టి తలమీది డొప్ప ఒలిచి వెలుగుకు పెడితే, ఆవగింజంత తెల్ల మచ్చలు. గోటితో గీకినా పోవు, అవి పెంకులోనే ఉంటాయి. వారం పది రోజుల్లో చెరువంతా ఖాళీ. చచ్చిన రొయ్యను ఎత్తుకుపోయే కాకి, దాన్ని పక్కవాడి చెరువులో జారవిడిచేది.

రైతు చేయని ప్రయత్నం లేదు. యాంటీబయోటిక్స్ తెచ్చి పోశాడు. అవి బ్యాక్టీరియాకు మందులే తప్ప వైరస్‌ను ఏమీ చేయలేవు. చివరికి చేతికందిన చిన్న రొయ్యనే పట్టేసి, తూము ఎత్తి నీళ్లన్నీ పాయలోకి వదిలేశాడు. ప్రాణం విసిగి చేసిన పని అది. ఆ నీటితోనే రోగం ఊళ్లు దాటింది.

చెరువులు ఎండాయి, అప్పులు మిగిలాయి. ఉప్పు దిగిన మడిలో మళ్లీ వరి నాటే వీల్లేకపోయింది. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీరంలోని రొయ్యల సాగుపై కఠినమైన తీర్పు ఇచ్చింది. ఆ తర్వాత వైరస్‌ను పట్టే పీసీఆర్ పరీక్షలు వచ్చాయి, రొయ్య పిల్లను (సీడ్) పరీక్షించి కొనడం అలవాటైంది. అయినా టైగర్‌కు పాత వెలుగు తిరిగి రాలేదు. 2009లో అనుమతి పొందిన వనామీ రకం రొయ్య దాని చోటును ఆక్రమించింది.

తెల్లమచ్చకు నేటికీ మందు లేదు, వనామీనీ అది వదలదు. రొయ్యను చంపింది వైరసే. కానీ ఊరి సాగును కూల్చింది మాత్రం ఉమ్మడి నీటిని ఎవరికివారు సొంతమనుకోవడం. అందుకే నేటి రైతన్నకు ఒక్క విన్నపం: మచ్చ కనబడిన రోజు తూము ఎత్తకండి. నీటిలో బ్లీచింగ్ కలిపి రోగాన్ని చెరువులోనే చంపండి. నష్టాన్ని దాచుకోకుండా ముందు పక్క చెరువు వాళ్లకు కబురు పెట్టండి.