ఆటకు డబ్బెవరిస్తారు?

మేం తొమ్మిదో తరగతిలో ఉండగా ఒక రోజు వాలీబాల్ వల చిరిగిపోయింది. ఆ ఏడాది ఆటల పద్దులో డబ్బు లేదు. డ్రిల్లు మాస్టారు మమ్మల్ని వరసగా నిలబెట్టి, "ఆడాలని ఉన్నవాళ్లు తలా ఒక రూపాయి తెండి, మిగతాది నేను చూసుకుంటాను" అన్నారు. వారం తిరక్కుండా కొత్త వల కట్టాం. స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమని మన సంఘం అడిగినప్పుడు నాకు ముందుగా గుర్తొచ్చింది ఆ రూపాయే.

చేతిలో డబ్బు లేని రోజుల్లో ఒక విద్యాసంస్థ ఆటలను ఎలా నిలబెట్టుకుంటుంది? అభిమానులు, పూర్వ విద్యార్థులు అందులో ఎంతవరకు అక్కరకొస్తారు? ఈ ప్రశ్నకు జవాబు వెతకడానికి అమెరికా మంచి చోటు. అక్కడ కాలేజీ ఆటలకు నూరేళ్లకు పైబడిన చరిత్ర ఉంది. ఆ ఖర్చు టికెట్లు, విరాళాలు, టీవీ హక్కులు, విద్యార్థుల ఫీజులు, విశ్వవిద్యాలయం సొంత నిధుల నుంచి వస్తుంది. ఎక్కువ డబ్బు, ఎక్కువ జనం అమెరికన్ ఫుట్‌బాల్‌కే. ఇది మన ఫుట్‌బాల్ కాదు. కోలగా ఉండే బంతిని చేత పట్టుకుని పరుగెత్తే ఆట.

1920లలో ఆ దేశంలో డబ్బు బాగా తిరిగింది. ఊరూరా పెద్ద పెద్ద స్టేడియంలు లేచాయి. 1922లో ప్రారంభమైన ఒహాయో స్టేడియం ప్రజల చందాలతో కట్టింది. మిషిగన్ విశ్వవిద్యాలయం వాళ్లు ఇంకో దారి పట్టారు. ఒక్కొక్కటి 500 డాలర్ల చొప్పున 3,000 బాండ్లు అమ్మారు. కొన్నవాళ్లకు వడ్డీతో పాటు మంచి సీట్ల టికెట్లు కొనుక్కునే హక్కు కూడా ఇచ్చారు. 1927లో స్టేడియం తెరుచుకుంది. ముందు ముందు ఇంకా పెద్దది చేయాల్సి వస్తుందని ఊహించి పునాదులు అప్పుడే బలంగా వేయించారు. ఈనాడు అందులో లక్ష మందికి పైగా కూర్చుంటున్నారు.

ఆ పొంగు ఎంతో కాలం నిలవలేదు. 1929 అక్టోబరులో కార్నెగీ ఫౌండేషన్ ఒక నివేదిక వేసింది. ఆటగాళ్లకు చాటుమాటుగా డబ్బు ముట్టజెప్పడం, చదువు కన్నా ఆటే పెద్దదైపోవడం వంటి విషయాలను అది ఎండగట్టింది. అదే నెలలో స్టాక్ మార్కెట్ కూలింది. తర్వాత వచ్చిన మహామాంద్యంలో విశ్వవిద్యాలయాలన్నీ ఖర్చులు తగ్గించుకోవాల్సి వచ్చింది.

ఆ దశాబ్దంలో అందరూ చెప్పుకునే కథ షికాగో విశ్వవిద్యాలయానిది. దేశంలో పేరు మోసిన జట్లలో అదొకటి. అమోస్ అలోంజో స్టాగ్ అనే కోచ్ 1892 నుంచి నలభై ఏళ్ల పాటు దాన్ని నడిపాడు. దేశంలో ఉత్తమ కాలేజీ ఆటగాడికిచ్చే హైస్‌మన్ ట్రోఫీని 1935లో మొట్టమొదట అందుకున్న జే బెర్‌వాంగర్ కూడా ఆ జట్టువాడే. అక్కడి నుంచి జట్టు దిగజారిపోయింది. 1939లో మిషిగన్ చేతిలో 85-0తో ఓడింది. అధ్యక్షుడు రాబర్ట్ మేనార్డ్ హచిన్స్‌కు ఆటలంటే పెద్ద గౌరవం లేదు, చదువుల సంస్థకు ఈ వ్యాపారం తగదన్నది ఆయన మాట. ఆ డిసెంబరులో ఫుట్‌బాల్ ఎత్తేశారు.

పూర్వ విద్యార్థులు కొందరు బాధపడ్డారు, కొందరు మెచ్చుకున్నారు. ఆటను తిరిగి తెచ్చేంత బలంగా మాత్రం ఎవరూ నిలబడలేదు. స్టాగ్ పేరు పెట్టిన స్టేడియం ఖాళీ పడింది. 1942 డిసెంబరు 2న ఆ స్టేడియం పడమటి గ్యాలరీ కింద, స్క్వాష్ ఆడే గదిలో, ఎన్రికో ఫెర్మీ బృందం మానవుడు నిర్మించిన మొదటి అణు రియాక్టరును నడిపింది. ఇంజినీరింగ్ చదివిన నాలాంటివాడికి అది పుణ్యక్షేత్రం లాంటి చోటు. అయినా ఆ గ్యాలరీ మీద ఒకప్పుడు వేల మంది కూర్చుని కేకలు వేసేవారు కదా అనిపిస్తుంది. 1969లో అక్కడ ఫుట్‌బాల్ మళ్లీ మొదలైంది, పాత వైభవం లేకుండా, చిన్న స్థాయిలో.

రెండో కథ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్క్‌లీ ప్రాంగణంలో జరిగింది. 2008 ఆర్థిక సంక్షోభం తర్వాత ఆ రాష్ట్ర ప్రభుత్వం విశ్వవిద్యాలయాలకిచ్చే నిధులు కోసేసింది. 2010 సెప్టెంబరులో బేస్‌బాల్‌తో సహా ఐదు క్రీడలకు కోత ప్రకటించారు. ఆ బేస్‌బాల్ జట్టు సామాన్యమైనది కాదు. 1947లో జరిగిన మొట్టమొదటి కాలేజీ వరల్డ్ సిరీస్ గెలిచింది అదే. పాత ఆటగాళ్లు, తల్లిదండ్రులు, అభిమానులు చందాలకు బయల్దేరారు. అధికారులు పెట్టిన షరతు ఒక్కటే: ఈ ఏడు గడిస్తే చాలదు, చాలా ఏళ్లకు సరిపోయే హామీ కావాలి.

2011 ఫిబ్రవరిలో రగ్బీతో పాటు మహిళల ఆటలు రెండు నిలిచాయి. మహిళల ఆటలను నిలపడం వెనక చట్టం కూడా ఉంది. చదువుల సంస్థల్లో ఆడపిల్లలకు సమాన అవకాశం ఉండాలని 1972లోనే అమెరికా చట్టం చేసింది. బేస్‌బాల్‌కు వచ్చిన సొమ్ము అప్పటికి చాలలేదు. అభిమానులు పట్టు వదల్లేదు. దాదాపు 90 లక్షల డాలర్ల వాగ్దానాలు కూడాక ఏప్రిల్‌లో దాన్నీ నిలిపారు. రద్దు ఖాయమనుకుని సీజన్ మొదలుపెట్టిన ఆ కుర్రాళ్లు జూన్‌లో ఏకంగా కాలేజీ వరల్డ్ సిరీస్‌కు వెళ్లారు.

మూడో కథ దక్షిణాదిలోని బర్మింగ్‌హామ్‌ది, ఒకప్పటి ఇనుము, ఉక్కు ఊరు. అలబామా విశ్వవిద్యాలయం బర్మింగ్‌హామ్ ప్రాంగణాన్ని అక్కడందరూ యూఏబీ అంటారు. అదే రాష్ట్రంలో అలబామా, ఆబర్న్ అనే రెండు మహావృక్షాల నీడలో యూఏబీ జట్టు ఎదగలేకపోయింది. 2014లో కొత్త కోచ్ బిల్ క్లార్క్ వచ్చాక 6 మ్యాచ్‌లు గెలిచి 6 ఓడింది. అంతకు ముందు చాలా ఏళ్లుగా ఆ మాత్రం కూడా లేదు. జనం అప్పుడప్పుడే స్టేడియం వైపు తిరుగుతున్నారు.

అలాంటి సమయంలో, 2014 డిసెంబరు 2న, ఫుట్‌బాల్‌తో పాటు రైఫిల్ షూటింగ్, బౌలింగ్ జట్లను రద్దు చేస్తున్నట్టు అధ్యక్షుడు ప్రకటించాడు. ఆయన చెప్పిన లెక్క ఇది: ఆటల విభాగం ఏడాది ఖర్చు సుమారు 3 కోట్ల డాలర్లు. అందులో 2 కోట్లు విశ్వవిద్యాలయమే భరిస్తోంది. ఫుట్‌బాల్‌ను పోటీకి నిలబెట్టాలంటే వచ్చే ఐదేళ్లలో అదనంగా 4 కోట్ల 90 లక్షలు కావాలి. ఫుట్‌బాల్ భవన వసతులకయ్యే 2 కోట్ల 20 లక్షలు కూడా అందులోవే.

అభిమానులు వీధికెక్కారు. ఆటగాళ్లు కన్నీళ్లు పెట్టుకున్నారు, చాలామంది వేరే కాలేజీలకు వెళ్లిపోయారు. అయితే ఈ కథలో నాకు నచ్చింది ఊరేగింపులు కాదు. మద్దతుదారులు ఆ లెక్కను వేరే ఆర్థికవేత్తల చేత తిరిగి వేయించారు. ఆటగాళ్ల స్కాలర్‌షిప్‌ను పూర్తి ఫీజు ధరకు ఖర్చు రాస్తున్నారనీ, తరగతిలో ఒక కుర్రాణ్ని అదనంగా కూర్చోబెట్టడానికి నిజంగా అయ్యే ఖర్చు అంతకన్నా చాలా తక్కువనీ ఆ ఆర్థికవేత్తలు చూపించారు. కోపంతో పోయినవాడి మాట ఎవరూ వినరు, లెక్కతో పోయినవాడికి కుర్చీ వేస్తారు.

తర్వాత చందాలు మొదలయ్యాయి. వ్యాపారులు, పూర్వ విద్యార్థులు, మామూలు అభిమానులు ఐదేళ్ల కాలానికి మాట ఇచ్చారు. నగర పాలక మండలి కూడా ముందుకొచ్చింది. నిర్వహణలో ఐదేళ్లకు పడుతుందనుకున్న లోటు 1 కోటి 72 లక్షల డాలర్లు హామీల రూపంలో సమకూరింది. 2015 జూన్ 1న రద్దును రద్దు చేశారు. రైఫిల్, బౌలింగ్ జట్లు కూడా తిరిగొచ్చాయి.

2015, 2016లలో ఒక్క మ్యాచ్ కూడా లేదు. ఆడటానికి ఆట లేని జట్టును క్లార్క్ రెండేళ్ల పాటు సాధన చేయించాడు. 2017 సెప్టెంబరు 2న పాత లీజియన్ ఫీల్డ్ స్టేడియంలో మళ్లీ దిగారు. వచ్చిన జనం 45,212 మంది. సొంత మైదానంలో ఆ జట్టు ఎప్పుడూ చూడనంత జనం. ఆ రోజు 38-7తో గెలిచారు. మరుసటి ఏడాది తమ కాన్ఫరెన్స్ చాంపియన్లయ్యారు.

ఇవి గెలుపు కథలే, కానీ ఒక మాట దాచకూడదు. విశ్వవిద్యాలయం ఏటా ఇచ్చే 2 కోట్లు అలాగే కొనసాగాయి. అంటే అభిమానులు మోసింది పైలోటును మాత్రమే, అసలు బరువు సంస్థదే. రైఫిల్, బౌలింగ్ ఆడే పిల్లల కోసం విడిగా ఉద్యమం వచ్చి ఉంటే ఎంతమంది చేరేవారు? పెద్ద ఆట నీడలో చిన్న ఆటలు బతికాయి. జనాదరణను బట్టే డబ్బు పంచితే జనం చూడని ఆట ఆడే పిల్లకు మిగిలేది ఏమీ లేదు. అందుకే అభిమానం ఒక్కటే చాలదు, సంస్థ బాధ్యత, చట్టం దన్ను కూడా ఉండాలి. షికాగోలో హచిన్స్ అడిగిన ప్రశ్న కూడా కొట్టిపారేయదగ్గది కాదు. చదువు కోసం ఉన్న సొమ్ములో ఆటకెంత అని ప్రతి తరమూ అడుగుతూనే ఉండాలి.

ఈ మూడు కథల్లోనూ తేడా తెచ్చింది అభిమానం ఎంతన్నది కాదు, దాన్ని ఎలా కట్టుదిట్టం చేశారన్నది. షికాగోలో జ్ఞాపకాలున్నాయి, పూనిక లేదు. బర్క్‌లీ, బర్మింగ్‌హామ్‌లలో ప్రేమను సంవత్సరాలుగా, వాయిదాలుగా, సంతకాలుగా మార్చారు.

ఇది రాయడానికి నాకు సొంత కారణం ఒకటుంది. పన్నెండేళ్ల కిందట మా బ్యాచి వాళ్లం చందాలు వేసుకుని మన బడికి బాస్కెట్‌బాల్ కోర్టు కట్టించాం. శిలాఫలకం మీద మా పేర్లున్నాయి. పోయిన దసరా సెలవుల్లో వెళ్లి చూస్తే రింగులు లేవు, సిమెంటు బీటలు వారి మధ్యలో గరిక మొలిచింది. తప్పు బడిది కాదు, మాదే. నేను ఉద్యోగంలో ఏ కట్టడానికైనా నిర్వహణ పద్దు లేకుండా అంచనా మీద సంతకం పెట్టను. మన బడి దగ్గరికి వచ్చేసరికి ఆ లెక్క మరిచిపోయాను. ఇచ్చాం, ఫోటో దిగాం, వచ్చేశాం.

ఈ స్వర్ణోత్సవానికి మనమంతా ఏదో ఒకటి ఇస్తాం. కొత్త గది కట్టిద్దాం, కొత్త ఆర్చి పెడదాం అనే మాటలు ఇప్పటికే వినిపిస్తున్నాయి. నా మనవి ఒక్కటే. ఒక్కసారి పెద్ద మొత్తం ఇచ్చే బదులు ఏటా చిన్న మొత్తం చొప్పున ఐదేళ్లకు కాగితం మీద మాటిద్దాం. ఆ సొమ్ములో బంతులు, వలలు, కోర్టు మరమ్మతు, జిల్లా పోటీలకు వెళ్లే పిల్లల బస్సు చార్జీలు, అందులోనూ ఆడపిల్లలవి ముందుగా, రాసి పెడదాం. ఖర్చు లెక్క ఏటా మన సంఘం సమావేశంలో చదివి వినిపించాలి. మొదటి ఐదేళ్లకు నా సంతకం కార్యదర్శిగారికి ఇప్పటికే పంపాను.

డ్రిల్లు మాస్టారు ఆ రోజు మా రూపాయిలు ఒక నోటు పుస్తకంలో పేరు పేరునా రాసుకున్నారు. వల కొన్నాక మిగిలిన మూడు రూపాయల చిల్లర కూడా లెక్క చెప్పి, దాంతో పంపుకి కొత్త సూది కొన్నారు.