కావెండిష్ ప్రయోగశాల భవన నిర్మాణం

కావెండిష్ ప్రయోగశాల ఇంగ్లండు లోని కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయపు భౌతికశాస్త్ర విభాగము. దీని మొదటి భవనం ఫ్రీ స్కూల్ లేన్ అను వీధిలో నిర్మింపబడి, 1874 జూన్ 16న ప్రారంభమైనది. భవనపు నమూనా తయారగుటకు ముందే ఆచార్యుని నియమించి, అతని అవసరాలకు అనుగుణంగా కట్టడము దీని ప్రత్యేకత.

==అంచనాలు==

ప్రయోగాత్మక భౌతికశాస్త్ర బోధనకు ఏమి కావలెనో పరిశీలించిన విశ్వవిద్యాలయ సంఘం 1869లో నివేదిక సమర్పించినది. భవనానికి 5,000 పౌండ్లు, ఉపకరణాలకు 1,300 పౌండ్లు, మొత్తం 6,300 పౌండ్లు కావలెనని అందులో లెక్కవేశారు. ఇవిగాక ఆచార్యునికి 500, సహాయకునికి 100, పరిచారకునికి 60 పౌండ్ల చొప్పున ఏటా 660 పౌండ్ల జీతాల ఖర్చును కూడా చూపారు. విశ్వవిద్యాలయం వద్ద అంత నిధి లేదు. కళాశాలలు ముందుకు రాలేదు. చివరకు 1870లో విశ్వవిద్యాలయ ఛాన్సలర్, ఏడవ డెవన్‌షైర్ డ్యూక్ అయిన విలియం కావెండిష్ భవనానికి, ఉపకరణాలకు అగు వ్యయమును తాను భరించెదనని తెలిపాడు.

==రూపకల్పన==

1871 మార్చిలో జేమ్స్ క్లార్క్ మాక్స్‌వెల్ తొలి ఆచార్యునిగా నియమితుడయ్యాడు. ఆయన గ్లాస్గోలో విలియం థామ్సన్ ప్రయోగశాలను, ఆక్స్‌ఫర్డులో అప్పటికి కొత్తదైన క్లారెండన్ ప్రయోగశాలను చూచి వచ్చి, వాస్తుశిల్పి డబ్ల్యు.ఎం.ఫాసెట్‌తో కలసి నమూనాను సిద్ధం చేయించాడు. అందలి ముఖ్యాంశాలు:

* అయస్కాంత ప్రయోగాల గది నేల అంతస్తులో ఉన్నది. మనుషులు నడచినప్పుడు కలిగే అదురు సున్నితమైన పరికరాలకు సోకకుండా, నేలతో సంబంధం లేని రాతి స్తంభాలపై వాటిని ఉంచెడివారు.
* పై అంతస్తులలో బల్లలు గది నేలపై గాక వేరు దూలాలపై ఆనియుండును.
* సూర్యకాంతిని గదిలోనికి మళ్ళించు పరికరాలను నిలుపుటకు కిటికీల వద్ద వెడల్పైన రాతి అరుగులు కట్టారు.
* గోపురంపై నీటి తొట్టి కలదు. అక్కడి నుండి దిగే నీటి బలముతో పాత్రలలోని గాలిని తోడివేసెడివారు.

==వ్యయం==

నిర్మాణం పూర్తియగు నాటికి ఖర్చు సుమారు 8,450 పౌండ్లకు చేరినది. ఉపకరణాలతో కలిపి వేసిన తొలి అంచనాను భవనమొక్కటే మించిపోయినది. డ్యూక్ ఆ మొత్తమును చెల్లించాడు. ఉపకరణాలు మాత్రం ఒక్కసారిగా సమకూరలేదు. మాక్స్‌వెల్ తన సొంత పరికరాలను ప్రయోగశాలకు ఇచ్చాడు. ఆయన మరణానంతరం 1879లో ఆచార్యుడైన రేలీ పరికరాల కొరకు చందాలు సేకరించవలసి వచ్చినది. భవనమునకు దాత దొరికినంత మాత్రాన ప్రయోగశాల అవసరాలు తీరవని దీనినిబట్టి తెలియుచున్నది.

==తరువాతి విస్తరణలు==

1896 విస్తరణకు విద్యార్థుల రుసుముల నుండి కూడబెట్టిన సొమ్ము, 1908 విస్తరణకు రేలీ ఇచ్చిన నోబెల్ బహుమతి ధనం తోడ్పడినవి. జె.జె.థామ్సన్ 1897లో ఎలక్ట్రానును కనుగొన్నది ఈ ప్రయోగశాలలోనే. స్థలాభావం వలన 1974లో విభాగం పశ్చిమ కేంబ్రిడ్జికి తరలినది. 2025లో అక్కడ రే డాల్బీ కేంద్రం ప్రారంభమైనది. దీనికి డాల్బీ ఆస్తి నుండి 8.5 కోట్ల పౌండ్లు, బ్రిటిషు ప్రభుత్వం నుండి 7.5 కోట్ల పౌండ్లు లభించాయి. ఇందులోను అదురు సోకని ప్రయోగశాలలను భూమి లోపలి అంతస్తులో ఏర్పాటు చేశారు.