సంతకం లేని బొమ్మ

కర్త ఎవరో తెలియని కళకు విలువ కట్టడమెలా? తెలుగు పాఠం చెప్పుకునే నాకు ఈ ప్రశ్న కొత్తది కాదు. మన చాటుపద్యాల్లో చాలావాటికి, జానపద గేయాల్లో దాదాపు అన్నిటికీ కర్తలెవరో తెలియదు. అయినా అవి జనం నాలుకల మీద బతికాయి. ఆ అజ్ఞాత కర్తృత్వం సమష్టి జీవితంలోంచి పుట్టింది. బ్యాంక్సీ అజ్ఞాతం వేరు. అది చట్టానికి దొరక్కుండా ఉండవలసిన అవసరంలోంచి పుట్టింది.

ఇంగ్లండులోని బ్రిస్టల్ వీధుల్లో 1990లలో ఈ చిత్రకారుడు బయలుదేరాడు. అనుమతి లేకుండా గోడ మీద బొమ్మ వేయడం అక్కడ నేరం. కనుక ముందే కత్తిరించుకున్న స్టెన్సిల్‌ను గోడకు ఆనించి, రంగు చిమ్మి, పోలీసులు వచ్చేలోగా తప్పుకునే పద్ధతి పట్టాడు. రూపాన్ని ఇక్కడ పరిస్థితులే నిర్ణయించాయన్నమాట. 2005లో వెస్ట్‌బ్యాంక్‌లో ఇజ్రాయిల్ కట్టిన గోడ మీద, బెలూన్ల గుత్తి పట్టుకుని పైకి తేలిపోతున్న బాలికను చిత్రించాడు. ఆ గోడ లేకపోతే ఆ బొమ్మకు అర్థమే లేదు.

మరి మార్కెట్టు ఏం చేసింది? 2018 అక్టోబరులో లండన్ సోథెబీస్ వేలంలో ‘బెలూనుతో బాలిక’ పది లక్షల పౌన్లకు పైగా పలికింది. పాట ముగిసిన మరుక్షణం చట్రంలో దాచిన యంత్రం బొమ్మను సగం దాకా పేలికలు చేసింది. కొనుగోలుదారులకు అది చెంపపెట్టు అనుకున్నాం. కాని 2021లో ఆ పేలికలే 1 కోటి 85 లక్షల పౌన్లకు పైగా అమ్ముడుపోయాయి. ధిక్కారం సైతం సరుకయింది. దాచిన పేరే వ్యాపారముద్ర అయింది.

ఇది చూసి బ్యాంక్సీని కొట్టిపారేసే విమర్శకులున్నారు. నేను వారితో ఏకీభవించలేను. 2025 సెప్టెంబరులో లండన్ రాయల్ కోర్ట్స్ ఆఫ్ జస్టిస్ గోడ మీద అతని బొమ్మ ఒకటి వెలిసింది: విగ్గు పెట్టుకున్న న్యాయమూర్తి, కిందపడిన నిరసనకారుణ్ణి సుత్తితో బాదుతున్నాడు. పాలస్తీనా సమర్థకులను వందల సంఖ్యలో అరెస్టు చేసిన రోజులవి. అధికారులు వెంటనే ఆ బొమ్మను కప్పించి, గీకించారు.

ఒకే చేతి పనిని ధనికులు కోట్లు పోసి కొన్నారు, అధికారులు గీకించారు. వేలంశాలలో బొమ్మ అలంకారం. న్యాయస్థానం గోడ మీద అది సాక్ష్యం. కళ ఎవరిదని అడిగేముందు, అది ఎక్కడ, ఎవరి ముందు నిలబడిందని అడగాలి. ఎంత గీకినా ఆ రాతిగోడ మీద మసక నీడ ఒకటి మిగిలింది. దాని కింద సంతకం అవసరమని నాకనిపించలేదు.