నవజాత శిశువుల రక్తంలో ఎన్‌డీఎమ్-1 జన్యువు: కోల్‌కతా పరిశోధన ఏం చెప్పింది

కోల్‌కతాలోని బేలియాఘాటాలో ఉన్న, గతంలో జాతీయ కలరా, ఆంత్ర వ్యాధుల సంస్థ (నైసెడ్) అనే పేరున్న సంస్థ 1962లో కలరా పరిశోధన కేంద్రంగా ప్రారంభమైంది. అప్పట్లో పేరులో కలరా ఉన్నప్పటికీ, ఆసుపత్రుల్లో మందులకు లొంగని బ్యాక్టీరియాపై జరిగిన ముఖ్యమైన పరిశోధనల్లోనూ ఈ సంస్థకు భాగం ఉంది. అందులో ఒకటి నవజాత శిశువులకు సంబంధించినది.

2007 నుంచి 2011 వరకు రక్తంలో ఇన్ఫెక్షన్ సోకిన శిశువుల నుంచి సేకరించిన 105 బ్యాక్టీరియా నమూనాలను శాస్త్రవేత్తలు పరీక్షించారు. వాటిలో 68 క్లెబ్సియెల్లా నిమోనియే, 27 ఈ-కోలి, మిగిలిన 10 ఎంటరోబ్యాక్టర్ జాతికి చెందినవి. ఫలితాలు 2014లో ప్లోస్ వన్ పత్రికలో వెలువడ్డాయి.

ఇతర యాంటీబయాటిక్‌లు పనిచేయనప్పుడు వైద్యులు ఆశ్రయించేవి మెరోపెనెమ్, ఇమిపెనెమ్ వంటి కార్బపెనెమ్ మందులు. వీటిని విచ్ఛిన్నం చేసే ఎంజైమును తయారుచేసే ఎన్‌డీఎమ్-1 జన్యువు 14 శాతం నమూనాల్లో కనిపించింది. 2008లో ఈ-కోలిలో తొలిసారి బయటపడిన ఆ జన్యువు, 2010 నాటికి క్లెబ్సియెల్లాలోను, ఎంటరోబ్యాక్టర్‌లోను కనిపించింది. అదే 2008లో, న్యూఢిల్లీలో చికిత్స పొంది స్వీడన్ చేరిన ఒక రోగిలో దీనిని మొదట గుర్తించారు. పేరులో 'న్యూఢిల్లీ' చేరడంపై భారత్‌లో పెద్ద వివాదమే రేగింది. పేరు గొడవలో అసలు విషయం కొంత మరుగున పడిందనే చెప్పాలి.

అసలు విషయం జన్యువు ప్రయాణించే తీరు. ఎన్‌డీఎమ్-1 తరచు ప్లాస్మిడ్ అనే చిన్న డీఎన్‌ఏ వలయంపై ఉంటుంది. ప్లాస్మిడ్ ఒక బ్యాక్టీరియా నుంచి పక్కదానికి, ఒక జాతి నుంచి మరో జాతికి కూడా చేరగలదు. కోల్‌కతా నమూనాలు ఒకే మూలం నుంచి పుట్టినవి కావని, వాటి వంశాలు వేర్వేరని జన్యు పరీక్షలు తేల్చాయి. అంటే ఒక్క బ్యాక్టీరియా వార్డు వార్డుకూ పాకడం ఒక్కటే దీనికి కారణమని చెప్పలేము. అందుకే ఆసుపత్రిలో బ్యాక్టీరియా పేరు తెలుసుకోవడం మాత్రమే చాలదు. పీసీఆర్ వంటి పరీక్షలతో అది మోస్తున్న జన్యువునూ వెతకాలి. రక్తాన్ని కల్చర్ చేసి, ఏ మందు పనిచేస్తుందో తేల్చడానికి సాధారణంగా రెండు మూడు రోజులు పడుతుంది. పీసీఆర్‌తో జన్యువు జాడ కొన్ని గంటల్లోనే తెలుస్తుంది.

తక్కువ బరువుతో పుట్టిన శిశువుల్లోను, వేరేచోట పుట్టి ఆసుపత్రికి తెచ్చిన శిశువుల్లోను ఎన్‌డీఎమ్-1 ఉన్న ఇన్ఫెక్షన్లు ఎక్కువగా కనిపించాయి. అయితే ఈ జన్యువు ఉన్నంత మాత్రాన ఆ శిశువుల్లో మరణాల రేటు పెరగలేదని అదే అధ్యయనం నమోదు చేసింది.

చికిత్స విషయంలో ఒక చిక్కు ఉంది. అజ్ట్రియోనామ్ అనే మందును ఎన్‌డీఎమ్-1 విచ్ఛిన్నం చేయలేదు. కానీ కోల్‌కతా నమూనాల్లో 82 శాతం మోసిన సీటీఎక్స్-ఎమ్ రకం ఎంజైము దానిని పాడుచేస్తుంది. ఆ ఎంజైమును అడ్డుకునే అవిబాక్టమ్‌తో కలిపిన అజ్ట్రియోనామ్‌కు 2024లో ఐరోపా, 2025 ఫిబ్రవరిలో అమెరికా ఆమోదం తెలిపాయి. ఆ ఆమోదం వయోజనుల చికిత్సకే పరిమితం.