పెన్‌రోస్ పోలిష్ గ్రామం

వేల్స్ తీరాన పుల్హెలీ పట్టణం దగ్గర ఉన్న పాత వైమానిక స్థావరంలో 1949లో ఈ గ్రామం మొదలైంది. యుద్ధం తరువాత స్వదేశానికి వెళ్లలేకపోయిన పోలండ్ సైనికులకూ వారి కుటుంబాలకూ ఇది ఆశ్రయం. (1936లో కడుతుండగానే ఆ స్థావరానికి నిప్పుపెట్టిన ముగ్గురు వేల్స్ జాతీయవాదులలో లూయిస్ వాలెంటైన్ అనే బాప్టిస్టు పాదిరి ఒకరు!)

ముసలివాళ్లు తమ భాషలో మాట్లాడుకున్నారు, తమ వంటే తిన్నారు, తమ గుడిలోనే ప్రార్థించారు. 2020లో నర్సింగ్ హోం మూతపడింది. గ్రామాన్ని తీసుకున్న క్లూయిడ్ అలిన్ గృహనిర్మాణ సంస్థ కొత్త ఇళ్లు తలపెట్టింది.

పాత కట్టడాలు పోక తప్పదని మేమూ ఒప్పుకుంటాం. అయితే మతిమరుపు ముదిరినవారిలో తరువాత నేర్చిన భాష తరచుగా ముందు జారిపోతుంది, తల్లిభాష మిగులుతుంది. అలాంటి అవ్వ రాత్రివేళ తన నొప్పిని పోలిష్‌లో చెబితే, అర్థమయ్యేవారు ఎవరుంటారు? ప్లానులో గదులతోపాటు ఆ మనిషినీ లెక్కించాలని మేము కోరుతున్నాం.